సంతకం ఎవరిది?

హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రిలోనైనా బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక కాగితం ఉంటుంది. కొన్నిచోట్ల దాన్ని ‘లామా’ అంటారు, కొన్నిచోట్ల ‘డామా’ అంటారు. డాక్టర్లు వద్దంటున్నా మా ఇష్టంతోనే పేషెంటును తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా ఆసుపత్రికి సంబంధం లేదు అని రాసిచ్చే కాగితం. ఐసీయూలో రెండు మూడు వారాలు గడిచి, ఇక లాభం లేదని అందరికీ అర్థమై, చేతిలో డబ్బులు కూడా అయిపోయాక ఎన్నో కుటుంబాలు దాని మీద సంతకం పెడతాయి. ఆక్సిజన్ సిలిండరుతో అంబులెన్స్ బయల్దేరుతుంది. ఇంటికి చేరాక, ఒక్కోసారి దారిలోనే, ప్రాణం పోతుంది.

మా మామయ్య అలాగే వెళ్ళిపోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పై ఏళ్ళు కిరాణా దుకాణం నడిపిన మనిషి. ఊపిరితిత్తుల కాన్సర్. ఆయనకు మాత్రం చివరిదాకా ‘నిమ్ము చేరింది, తగ్గిపోతుంది’ అనే చెప్పాం. ఆయన ముందు కాన్సర్ అనే మాట అనొద్దని డాక్టర్‌ను బతిమాలుకున్నాం కూడా. మమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక ఆయన నమ్మినట్టు నటించాడేమో, ఇప్పటికీ తెలియదు. పద్దెనిమిదో రోజున ఆ కాగితం మా ముందుకొచ్చింది. బావ న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో ఏడుస్తున్నాడు. అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు. సంతకం నేను పెట్టాను. మామయ్యను ఎవరూ అడగలేదు.

మన దేశంలో కూడా కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేస్తే ఏమవుతుందన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది. టీవీలో ఒకరు కరుణ అంటారు, ఇంకొకరు పాపం అంటారు, మధ్యలో యాంకర్ భీష్ముడి ఇచ్ఛామరణం ఎత్తుకుంటాడు. భీష్ముడికి వరమిచ్చింది తండ్రి, దాన్ని వాడుకున్నది భీష్ముడే. అంపశయ్య మీద ఉత్తరాయణం దాకా ఆగాలన్న నిర్ణయమూ ఆయనదే. మనవలెవరూ ఆయన తరఫున సంతకం పెట్టలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఈ చట్టాలు చేసుకున్న దేశాలన్నిటికీ పునాది ఒక్కటే: జబ్బేమిటో పూర్తిగా తెలిసిన రోగి, తనంతట తాను, తన నోటితో అడగాలి. మన ఇళ్ళలో ఆ పునాది ఎంత గట్టిది?

దానికంటే ముందు కొన్ని ముడులు విప్పుకోవాలి. ఎందుకంటే ఈ విషయం మీద వాదించుకునే పదిమందిలో తొమ్మిదిమంది వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుతుంటారు.

ఒకే పేరు, చాలా సంగతులు

బ్రెయిన్ డెత్‌కూ కారుణ్య మరణానికీ సంబంధం లేదు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద అవయవదానం చేశారని పేపర్లో వచ్చినప్పుడు ‘ప్రాణం ఉండగానే తీసేశారట’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మెదడు కాండం పూర్తిగా పనిచేయడం మానేసిందని డాక్టర్ల బృందం ధ్రువీకరించాక, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఆ మనిషి చనిపోయినట్టే. గుండె కొట్టుకుంటున్నది యంత్రాల వల్ల. అక్కడ తీయడానికి ప్రాణం లేదు.

నొప్పి తగ్గడానికి కాన్సర్ రోగికి మార్ఫిన్ ఇవ్వడం కూడా కారుణ్య మరణం కాదు. ‘మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక చంపేస్తున్నట్టే’ అన్న భయం మన దగ్గర చదువుకున్నవాళ్ళలోనూ ఉంది. తెలిసిన డాక్టరు చూసుకుంటూ సరైన మోతాదులో ఇస్తే అది నొప్పి మందు, అంతే. నొప్పి తగ్గి, నిద్రపట్టి, రెండు ముద్దలు తినగలిగినవాళ్ళను నేను చూశాను.

ఇక మిగిలినవి రెండు. వెంటిలేటర్ లాంటి సాధనాన్ని ఇక ఉపయోగం లేదని తీసేయడం, లేదా అసలు పెట్టకపోవడం ఒకటి. అప్పుడు మనిషి తన జబ్బుతోనే పోతాడు. దీన్నే మన కోర్టులు పరోక్ష కారుణ్య మరణం అన్నాయి. రెండోది, ప్రాణం తీసే మందునే ఇవ్వడం. నెదర్లాండ్స్‌లో, బెల్జియంలో, కెనడాలో డాక్టరే ఇస్తారు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో డాక్టరు మందు రాసిస్తారు, దాన్ని రోగి తన చేతులతో తానే తీసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో అసలు ప్రత్యేక చట్టమే లేదు. స్వార్థంతో ఒకరి ఆత్మహత్యకు తోడ్పడితేనే నేరమని 1942లో అమల్లోకి వచ్చిన వాళ్ళ శిక్షాస్మృతి చెప్పింది. స్వార్థం లేకపోతే నేరం కాదన్న ఆ సందులోంచే చనిపోవడానికి సాయం చేసే సంస్థలు అక్కడ పుట్టాయి.

మొదటిది మన దేశంలో ఇప్పుడు చట్టబద్ధమే. రెండోది నేరం. ‘ఇండియాలో కారుణ్య మరణం ఉందా లేదా’ అని ఎవరైనా అడిగితే ఉందనీ చెప్పొచ్చు, లేదనీ చెప్పొచ్చు.

అడిగినవాడికి ఇవ్వలేదు

కోర్టుల కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1994లో సుప్రీంకోర్టు ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే సెక్షన్ చెల్లదంది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు జడ్జీలు ఆ తీర్పును తిరగరాసి, జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదన్నారు. తర్వాత ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసు వచ్చింది. 1973లో దాడికి గురై, మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైంది ఆమె. ఆహారం ఆపడానికి అనుమతించాలని రచయిత్రి పింకీ విరానీ కోర్టుకెళ్ళారు. 2011 మార్చిలో సుప్రీంకోర్టు పరోక్ష కారుణ్య మరణానికి సూత్రప్రాయంగా దారి తెరిచింది గానీ, అరుణ విషయంలో ఒప్పుకోలేదు. ఆమె తరఫున మాట్లాడే హక్కు పిటిషన్ వేసిన రచయిత్రిది కాదు, ఇన్నేళ్ళుగా ఆమెకు పక్క మార్చి, పుండ్లు పడకుండా చూసుకున్న ఆసుపత్రి సిబ్బందిది అంది. వాళ్ళేమో ఆమె బతకాలన్నారు. 2015 మేలో న్యుమోనియాతో ఆమె పోయింది. చట్టం సంగతి అటుంచితే, ఈ తీర్పులో నాకు నచ్చింది ఆ ఒక్క ప్రశ్న: ఈమె తరఫున మాట్లాడాల్సింది ఎవరు?

మన హైదరాబాద్ కేసును మాత్రం జనం మరిచిపోయారు. వెంకటేశ్ అనే పాతికేళ్ళ చెస్ ఆటగాడు. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ. 2004 డిసెంబరులో ఆసుపత్రి మంచం మీద నుంచి అతను అడిగింది ఇదీ: నేనెలాగూ పోతాను, అవయవాలు పాడవకముందే నన్ను పోనిచ్చి వాటిని వేరేవాళ్ళకు ఇవ్వండి. తల్లి అతని కోసం హైకోర్టు మెట్లెక్కింది. చట్టం ఒప్పుకోదని కోర్టు తోసిపుచ్చింది. వెంటనే అతను పోయాడు. కళ్ళు మాత్రం దానం చేయగలిగారు.

మన రాష్ట్రంలో ఈ విషయంలో కోర్టు దాకా వెళ్ళినవాళ్ళలో తన నోటితో తాను, పూర్తి తెలివిలో, కారణం చెప్పి మరీ అడిగినవాడు వెంకటేశ్. అతనికి దొరకలేదు. తర్వాత 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అప్పటికే ఉన్నా దొరికేది కాదు. ఆ తీర్పు వెంటిలేటర్ తీసేయనిస్తుంది, బ్రెయిన్ డెత్ కాకముందు అవయవాలు తీయనివ్వదు. అదే ఊళ్ళో అదే రోజుల్లో ఎందరో కొడుకులు, అల్లుళ్ళు కౌంటర్ దగ్గర సంతకాలు పెట్టి, నోరు లేని తల్లిదండ్రుల్ని ఇంటికి తీసుకెళ్తూనే ఉన్నారు. దాన్ని ఎవరూ కారుణ్య మరణం అనలేదు. కోర్టుకూ వెళ్ళలేదు.

2018 మార్చి 9న ‘కామన్ కాజ్’ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. లివింగ్ విల్‌ను గుర్తించింది. నేను మాట్లాడలేని స్థితిలో పడితే, కోలుకునే ఆశ లేకపోతే, నాకు ఈ ఈ చికిత్సలు వద్దు అని ముందే రాసిపెట్టుకోవడం అన్నమాట. అయితే అప్పుడు పెట్టిన నిబంధనలు చూస్తే, మనిషి పోయినా ఫైలు కదలదనిపించేది. మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. ఆసుపత్రిలో మొదట ఒక వైద్య బోర్డు, తర్వాత జిల్లా వైద్యాధికారి ప్రతినిధి ఉండే రెండో బోర్డు చూడాలి. ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. అమలు చేసే ముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. విల్ రాయకపోయినా కుటుంబం ఒప్పుకోలుతో ఇదే పద్ధతి నడుస్తుంది. దీన్ని ఆసుపత్రుల్లో అమలు చేయడానికి కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది.

అంటే ‘లామా’ కాగితం అవసరం లేకుండానే, ఆసుపత్రి మంచం మీదే, నొప్పి తెలియకుండా చూసుకుంటూ వెంటిలేటర్ తీసేసే దారి చట్టంలో ఉంది. మామయ్య విషయంలో ఆ దారి ఉందని మాకెవరూ చెప్పలేదు. అంబులెన్స్ నంబరు మాత్రం చెప్పారు.

అక్కడ ఏం జరిగింది

ప్రాణం తీసే మందును చట్టబద్ధం చేసిన దేశాల అనుభవం మీద రెండు వైపులా చెప్పే కథలు సగం సగమే నిజం.

ఓరెగాన్ చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ ఏడాదికి ఇలా చనిపోయేవాళ్ళు మొత్తం మరణాల్లో నూటికి ఒకరు కూడా లేరు. 2023లో 367 మంది. మందు రాయించుకున్నవాళ్ళలో సుమారు మూడో వంతు దాన్ని వాడనే వాడరు. చేతిలో ఉందన్న ధైర్యమే వాళ్ళకు చాలు. పేదల్ని, చదువులేనివాళ్ళను చావు వైపు తోసేస్తారన్న భయం అక్కడ నిజం కాలేదు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది చదువుకున్న తెల్లవాళ్ళు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అప్పటికే హాస్పిస్ సేవల్లో, అంటే చివరి దశ రోగుల్ని నొప్పి తెలియకుండా చూసుకునే సేవల్లో ఉన్నవాళ్ళు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కెనడాది వేరే దారి. 2016లో మొదలుపెట్టారు. ఆ ఏడాది వెయ్యి మంది దాకా. 2024లో 16,499 మంది, అంటే దేశంలోని మొత్తం మరణాల్లో నూటికి అయిదు. మధ్యలో 2021లో చట్టం మారింది. చావు దగ్గరపడకపోయినా, నయంకాని జబ్బుతోనో వైకల్యంతోనో భరించలేని బాధ ఉంటే అడగొచ్చన్నారు. ఇలా అడిగి పోయినవాళ్ళు మొత్తంలో నూటికి నాలుగైదుగురే, మిగతావాళ్ళు ఎలాగూ చివరి దశలో ఉన్నవాళ్ళే. కానీ సమాజం ఉలిక్కిపడింది ఈ నలుగురైదుగురి దగ్గరే. సాయం కోసం ఫోన్ చేసిన ఒక మాజీ సైనికుడికి ప్రభుత్వ ఉద్యోగి ఈ దారి ఉందని తానే ఎత్తి చెప్పిన ఘటన 2022లో పెద్ద దుమారం రేపింది. మానసిక జబ్బు ఒక్కటే కారణమైనవాళ్ళకు ఇవ్వాలా అన్న నిర్ణయాన్ని వాయిదా వేస్తూ వేస్తూ 2027 మార్చికి తోశారు. చావు దగ్గరపడనివాళ్ళకు ఇచ్చే ఆ రెండో రకాన్ని కెనడా రద్దు చేయాలని వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి కమిటీ 2025లో సూచించింది.

ఇంకో కాగితం కూడా ఉంది. 2020లో కెనడా పార్లమెంటు బడ్జెట్ అధికారి లెక్క కట్టి, ఈ చట్టమూ దాని విస్తరణా కలిసి వైద్య ఖర్చులో ఏడాదికి సుమారు 14.9 కోట్ల డాలర్లు మిగులుస్తాయన్నాడు. రాష్ట్రాల వైద్య బడ్జెట్లో అది నూటికి ఒకటిలో పదో వంతు కూడా కాదని ఆ నివేదికే చెప్పింది. నిజమే, చిల్లర. అయినా అలాంటి లెక్క ఒకటి కట్టగలిగామన్న సంగతి మనసులో ముల్లులా ఉండిపోతుంది.

నెదర్లాండ్స్‌లో 2002 నుంచి చట్టం ఉంది. 2024లో 9,958 మంది, మొత్తం మరణాల్లో దాదాపు నూటికి ఆరు. ఆ దేశ మాజీ ప్రధాని డ్రీస్ వాన్ ఆఖ్ట్, ఆయన భార్య, ఇద్దరూ 93 ఏళ్ళవాళ్ళు, 2024 ఫిబ్రవరిలో చెయ్యి చెయ్యి పట్టుకుని ఇలాగే వెళ్ళారు. అక్కడివాళ్ళకు ఇది వింత కాదు. కుటుంబ డాక్టరు ఏళ్ళ తరబడి తెలిసినవాడై ఉంటాడు, మాట్లాడుకోవడానికి నెలల సమయం ఉంటుంది. అలా పోయిన కాన్సర్ రోగుల బంధువుల్లో దుఃఖం తాలూకు గాయం, మామూలుగా పోయినవారి బంధువుల్లో కంటే తక్కువగా ఉందని 2003లో అక్కడి పరిశోధకులు ప్రచురించారు. వీడ్కోలు చెప్పుకునే అవకాశం దొరకడం దానికి ఒక కారణం కావచ్చన్నారు. మామయ్యకు వీడ్కోలు చెప్పే అవకాశం మాకు లేదు. చెబితే నిజం తెలిసిపోతుంది కదా!

వీటన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది, జనం చెప్పే కారణాల జాబితా. భరించలేని నొప్పి వల్లే అడుగుతారని మనం అనుకుంటాం. ఓరెగాన్‌లో నొప్పి గురించో, దాని భయం గురించో చెప్పేవాళ్ళు మూడో వంతు దగ్గరే ఉంటారు. పదిలో తొమ్మిదిమంది చెప్పేది, నా మీద నాకు అదుపు పోతోందని. నూటికి నలభైమందికి పైగా చెప్పేది, ఇంట్లోవాళ్ళకు బరువైపోతున్నానని. కెనడాలోనూ సగానికి దగ్గరగా అదే మాట చెప్పారు.

బరువు అనే మాట

ఈ కారణం మనకు కొత్తేమీ కాదు. ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’ అని గుడిలో దర్శనమయ్యాక మెట్ల మీద కూర్చుని మన పెద్దవాళ్ళు కోరుకునేది ఇదే. తెలుగులో అయితే ఇంకా సూటిగా అంటారు: కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి, ఒకరి చేత చేయించుకోకుండా పోవాలి.

ఆ మాటను మనం భక్తి కింద జమకడతాం. కానీ మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని ఒక పెద్దావిడ, కోడలు ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వచ్చిన రోజున అదే మాట అంటే? ఆ కోరిక ఆమెదా, లేక ఇంట్లో పొద్దుటి నుంచి వినిపిస్తున్న గిన్నెల చప్పుడుదా? దేవుణ్ణి అడిగినంతకాలం తేడా లేదు, ఆయన తన ఇష్టప్రకారమే చేస్తాడు. డాక్టర్ను అడిగే వీలుంటే అప్పుడు తేడా వస్తుంది.

చట్టం వస్తే అడగనివాళ్ళ జీవితం కూడా మారుతుందన్న వాదనను నేను ముందు అంతగా పట్టించుకోలేదు. ఇష్టమున్నవాళ్ళు వాడుకుంటారు, లేనివాళ్ళు మానేస్తారు, ఇంతే కదా అనుకునేవాణ్ణి. కానీ దారి ఒకటి తెరిచాక, ఆ దారిన పోకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమే అవుతుంది. ఇప్పుడు మంచాన పడ్డ మనిషిని ‘నువ్వింకా ఎందుకున్నావు’ అని ఎవరూ అడగరు, ఉన్నాడు కాబట్టి ఉన్నాడు. రేపు ఎవరూ అడగకపోయినా, ఆ మనిషి తనకు తానే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, పెద్దాసుపత్రి డిపాజిట్ కోసం ఏ ప్లాటు అమ్మకానికి పెట్టారు అన్నవి ఆ సమాధానంలోకి దూరతాయి. దేశంలో వైద్యానికయ్యే ఖర్చులో, 2021-22 లెక్కల ప్రకారం, నూటికి 39 రూపాయలు జనం సొంత జేబులోంచి పెడుతున్నారు. ఓరెగాన్‌లోనో కెనడాలోనో పేషెంటుకు తాను బరువనిపించడం ఒక భావన. ఇక్కడ దానికి బిల్లు నంబరు ఉంటుంది.

2016లో చిత్తూరు జిల్లాలో ఎనిమిది నెలల పాపకు కాలేయం చెడిపోతే, వైద్యం చేయించే శక్తి లేని తల్లిదండ్రులు తంబళ్ళపల్లె కోర్టులో కారుణ్య మరణానికి అర్జీ పెట్టుకున్నారు. పేపర్లలో వచ్చాక ప్రభుత్వం ముందుకొచ్చి చెన్నైలో కాలేయ మార్పిడి చేయించింది. అర్జీలో రాసింది చావు గురించి, కావలసింది ఆపరేషన్ ఖర్చు. ఇలాంటి అర్జీలు కలెక్టరాఫీసుల్లో ‘ప్రజావాణి’ రోజున ఇప్పటికీ పడుతుంటాయి. వాటిని చదివిన అధికారి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత కావాలి’ అన్నది.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఐసీయూలో తండ్రి ఉంటే పొలం అమ్మే ఇళ్ళలో, తల్లి ఉంటే ‘వయసైపోయింది కదా, ఇంకా కష్టపెట్టడమెందుకు’ అన్న మాట త్వరగా వస్తుంది. ఇది లెక్కలు చూపించి చెప్పడం లేదు, వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. సేవ చేసేదీ ఆడవాళ్ళే కాబట్టి, సేవ చేయించుకోవాల్సి వచ్చినప్పుడు సిగ్గుపడేదీ ఎక్కువగా వాళ్ళే. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ‘తలైకూత్తల్’ అని, మంచాన పడ్డ ముసలివాళ్ళను ఇంటివాళ్ళే సాగనంపే ఆచారం ఒకటుంది. నూనెతో తలంటుతారు, కొబ్బరినీళ్ళు తాగిస్తారు. నేరమే, కానీ ఊరంతా కలిసి మౌనంగా ఉంటుంది. చట్టం ఉంటే ఇలాంటివి ఆగుతాయని ఒక వాదన, వీటికే స్టాంపు పడుతుందని ఇంకో వాదన. అడిగిందెవరో తేల్చే పద్ధతి గట్టిగా లేకపోతే రెండో వాదనే నిజమవుతుందని నా భయం.

ఆత్మహత్యల లెక్క కూడా చూడాలి. 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదయ్యాయి. అందులో నూటికి 18 జబ్బు వల్ల. తెలంగాణలో రేటు జాతీయ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. జబ్బుపడ్డ జీవితం ముగించుకోదగ్గదే అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయితే, ఆ మాట ఎవరి చెవిన ఎలా పడుతుంది? విదేశాల్లో దీని మీద పరిశోధనలు ఒక మాట మీదికి రాలేదు. మన దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసేవాళ్ళకు ‘ఆగు, మాట్లాడదాం’ అని చెప్పే గొంతూ, పక్క కౌంటర్లో ‘ఫారం ఇక్కడుంది’ అని చెప్పే గొంతూ రెండూ ప్రభుత్వానివే అయితే ఏది వినిపిస్తుందో చెప్పడం కష్టం.

డాక్టర్ల మీద నమ్మకం మాటకొస్తే, మన ఊళ్ళో అది ఇప్పటికే చిరిగిన గుడ్డ. చచ్చిపోయినవాణ్ణి వెంటిలేటర్ మీద పెట్టి బిల్లు వేశారన్న అనుమానం ప్రతి ఐసీయూ బయటా తిరుగుతుంటుంది. అది తప్పో ఒప్పో తర్వాత, ఉన్నమాట అది. అదే చేతికి ప్రాణం తీసే అధికారం కూడా ఇస్తే, అనుమానం రెండు వైపులా పదునెక్కుతుంది.

రెడ్‌హిల్స్ దారి

ఓరెగాన్‌లో పదిలో తొమ్మిదిమంది అప్పటికే హాస్పిస్ సేవల్లో ఉన్నవాళ్ళని చెప్పాను. అంటే నొప్పి తగ్గించడానికి, పుండ్లు కడగడానికి, పక్కన కూర్చుని మాట్లాడటానికి మనుషులున్నారు. అవన్నీ ఉన్నా కూడా వాళ్ళు అడిగారు. ఆ అడగడానికి ఒక అర్థం ఉంది. బెల్జియం 2002లో కారుణ్య మరణం చట్టంతో పాటే, ఉపశమన వైద్యం అందరి హక్కు అని ఇంకో చట్టమూ చేసింది.

మన దగ్గర ఆ సేవ లేదని కాదు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఏళ్ళుగా నడుస్తోంది. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ చివరి దశ రోగుల్ని డబ్బు తీసుకోకుండా చూసుకుంటుంది, ఇళ్ళకూ వెళ్తుంది. చేవెళ్ళలో మొదలుపెట్టి జిల్లాల్లోనూ తెలంగాణ ప్రభుత్వం కేంద్రాలు తెరిచింది. అయినా మార్ఫిన్ మాత్ర దొరకని ఊళ్ళే ఎక్కువ. ధర వల్ల కాదు, అది చవక మందే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అంటే భయపడి ఆసుపత్రులు, మందుల షాపులు దాని జోలికే పోవడం మానేశాయి. 2014లో చట్టం సవరించి లైసెన్సులు తేలిక చేశారు, కానీ ముప్పై ఏళ్ళ భయం గెజిట్‌తో పోదు. ఆ మధ్యలో చదువుకుని వచ్చిన డాక్టర్లకు మార్ఫిన్ రాయడం అలవాటే లేదు.

నొప్పికి మందు దొరకని చోట చావుకు మందు దొరికేలా చేయడం నాకు సరిగ్గా అనిపించదు. కానీ ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్నా ఉంది, దాన్ని దాటేయలేను. ఉపశమన వైద్యం ఊరూరికీ వచ్చేదాకా ఆగండి అని చెప్పడం సులువు. ఈ రాత్రి ఊపిరందక కూర్చునే తెల్లవారుతున్నవాడు ఎన్నాళ్ళు ఆగాలి? ఎంత మంచి ఉపశమన వైద్యం చేసినా లొంగని బాధలు కొన్ని ఉన్నాయని ఆ వైద్యులే ఒప్పుకుంటారు. వెంకటేశ్‌కు నొప్పి కాదు సమస్య, తన ముగింపుకు ఒక ప్రయోజనం ఉండాలన్నది. అతనికి ‘ఆగు’ అని చెప్పే మొహం ఎవరికుంది? పూర్తి తెలివితో, ఇంటివాళ్ళ ఒత్తిడి లేకుండా అడిగే ఒక్క మనిషికైనా న్యాయం చేయలేని చట్టం మనదని ఒప్పుకోవాలి. ఆ ఒక్కడి కోసం తలుపు తీస్తే, అడగనివాళ్ళను వెనక నుంచి ఎవరెవరు తోస్తారోనన్నదే నన్ను ఆపుతోంది. ప్రస్తుతానికి నేను అటు వైపు లేను. అయిదేళ్ళ తర్వాత అడిగితే ఏం చెబుతానో తెలియదు.

కానీ ఒక పని చేయడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. పేషెంటుకు జబ్బేమిటో చెప్పడం. ‘పెద్దాయనకు తెలిస్తే తట్టుకోలేడు’ అని మనమనుకుంటాం. తట్టుకోలేనిది చాలాసార్లు మనమే.

మామయ్య సంవత్సరీకాలు అయిన నెలకు అత్తయ్య ఫోన్ చేసి లివింగ్ విల్ రాయించాలంది. ఎవరు చెప్పారో, యూట్యూబ్‌లో చూసిందట. నాంపల్లి కోర్టు బయట నోటరీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, “ఆస్తుల షెడ్యూల్ ఏదమ్మా? విల్ అంటున్నారు కదా” అన్నాడు. ఆస్తి కాదండీ, ప్రాణం గురించి అని నేను చెప్పబోతే అత్తయ్య ఆపింది.

“షెడ్యూల్ లేదు బాబూ. చదువు, నీకే తెలుస్తది.”

ఆయన చదివాడు. వెంటిలేటర్ వద్దు, డయాలసిస్ వద్దు, నొప్పికి మాత్రం మందు ఇవ్వాలి. తన తరఫున మాట్లాడాల్సిన మనిషిగా న్యూజెర్సీ కొడుకు పేరు కాదు, మలక్‌పేటలో ఉండే చెల్లెలి కూతురి పేరు రాయించింది. ఆఖరి వాక్యం దగ్గర నోటరీ ఆగి, ఇది ఇందులో అవసరమా అన్నట్టు నా వైపు చూశాడు. అది ఏ నమూనాలోనూ లేదు, నాతో ఆమె దగ్గరుండి రాయించింది: జబ్బేమిటో అందరికంటే ముందు నాకు చెప్పాలి.

“అది ఉండనీ” అంది అత్తయ్య. ఆయన సీలు వేశాడు.